నెలల తరబడి ఒక్క యాంటీబాడీ మీదే పని... ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది ఉప్పల్. మా అమ్మాయి బీఎస్సీ బయోటెక్నాలజీ ఫైనలియర్. డీడీఎక్స్3ఎక్స్ అనే ప్రోటీన్‌ను గుర్తించే యాంటీబాడీ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడటమే తన ప్రాజెక్టు. నెలల తరబడి ఇదొక్కటే చేస్తే ఉద్యోగం వస్తుందా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, దయచేసి ఆ ప్రాజెక్టు మాన్పించకండి. మంచి పని దొరికింది.

డీడీఎక్స్3ఎక్స్ ఒక ఆర్‌ఎన్‌ఏ హెలికేజ్. ఆర్‌ఎన్‌ఏలో పడిన మడతలను కణానికి ఇంధనంలాంటి ఏటీపీ శక్తితో విప్పుతుంది. దాని జన్యువులో మార్పులొస్తే, ముఖ్యంగా ఆడపిల్లల్లో, మేధో వైకల్యం రావచ్చు. అలాంటి ప్రోటీన్ మీద పరిశోధన అంతా యాంటీబాడీ నిజం చెబుతోందన్న నమ్మకం మీదే నడుస్తుంది.

ప్రోటీన్లను బరువును బట్టి విడదీసి యాంటీబాడీతో గుర్తించే వెస్టర్న్ బ్లాట్ పరీక్షలో, డీడీఎక్స్3ఎక్స్ బరువైన 73 కిలోడాల్టన్ల దగ్గర బ్యాండ్ (గీత) వస్తే పని అయిపోయిందనుకుంటారు చాలామంది పిల్లలు. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. వై క్రోమోజోమ్ నుంచి డీడీఎక్స్3వై అనే ప్రోటీన్ వస్తుంది. రెండింటికీ 90 శాతానికి పైగా పోలిక ఉంది, బరువూ దాదాపు అంతే. మగవారి కణాలు వాడితే ఆ బ్యాండ్ దేనిదో చూసి చెప్పడం కష్టం. ల్యాబుల్లో పెంచే హీలా కణాలు ఒక స్త్రీవి, వై క్రోమోజోమ్ ఉండదు కాబట్టి వాటిలో ఈ గందరగోళం లేదు. ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏతో (ఒక జన్యువు పనిని అణిచే చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్క) డీడీఎక్స్3ఎక్స్‌ను తగ్గించాక బ్యాండ్ కూడా పలచబడాలి. ప్రోటీన్ నిజంగానే తగ్గినా బ్యాండ్ అలాగే ఉంటే, యాంటీబాడీ ఇంకేదో పట్టుకుంటోందన్నమాట. మొదటి యాంటీబాడీని పట్టుకుని బ్యాండ్ కనిపించేలా చేసే సెకండరీ యాంటీబాడీ ఒక్కటే వేసిన బ్లాట్ ఖాళీగా రావాలి. ఈ కంట్రోల్స్ (ఫలితం నిజమో కాదో తేల్చే పోలిక పరీక్షలు) ఎందుకు పెట్టారో సొంత మాటల్లో చెప్పగలిగితే, ఇంటర్వ్యూలో మీ అమ్మాయి వేరుగా కనిపిస్తుంది.

అయితే బీఎస్సీతో ఆపొద్దు. బయోటెక్నాలజీ ఎమ్మెస్సీకి గాట్-బి ప్రవేశ పరీక్ష రాయించండి. తర్వాత సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, పైన హెచ్‌ఆర్‌ఏ. పీహెచ్‌డీ చేయాలనుకుంటే హబ్సిగూడలో సీసీఎంబీ, ఉప్పల్‌లోనే సీడీఎఫ్‌డీ పరిశోధన సంస్థలు ఉన్నాయి. చదువు చాలు, ఉద్యోగమే కావాలంటే జీనోమ్ వ్యాలీ కంపెనీల క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లు చూడండి. వ్యాక్సిన్లు, బయోలాజిక్స్ (జీవకణాల నుంచి చేసే మందులు) తయారుచేసేచోట ఎలైసా (యాంటీబాడీలతో చేసే మరో పరీక్ష), బ్లాట్ వచ్చినవాళ్లు కావాలి.

ఈలోగా యాంటీబాడీ లాట్ నంబరు, ఎంత డైల్యూషన్ (పలచన) వాడింది, కత్తిరించని బ్లాట్ ఫొటో, అన్నీ ఏ రోజుకారోజు ల్యాబ్ నోట్‌బుక్‌లో పెట్టుకోమనండి. పాడైన బ్లాట్లు కూడా.