‘పర్ఫెక్ట్ వర్కింగ్’ అన్నారు, రెండు ఫేడర్లు కదలడం లేదు: డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఇంట్లోనే చిన్న స్టూడియో పెట్టుకుని జానపద, భక్తి పాటలకు మిక్సింగ్ చేస్తుంటాను. అదే నా జీవనాధారం. ఆన్‌లైన్ ప్రకటన చూసి ఒక వ్యక్తి దగ్గర తొమ్మిది మోటారు ఫేడర్ల కంట్రోల్ సర్ఫేస్‌ను సెకండ్ హ్యాండ్‌లో 34,000 రూపాయలకు కొన్నాను. మిక్సింగ్ సాఫ్ట్‌వేర్‌ను చేత్తో నడిపే పరికరం ఇది. ఫేడర్లంటే శబ్దం పెంచే, తగ్గించే జారుడు మీటలు, వీటిని లోపలి మోటార్లు కూడా కదిలిస్తాయి. ‘ఆరు నెలలే వాడాం, అన్నీ పర్ఫెక్ట్‌గా పనిచేస్తున్నాయి’ అని ప్రకటనలో ఉంది. వాళ్లింట్లో ఆన్ చేసి లైట్లు, డిస్‌ప్లే చూపించారు. ల్యాప్‌టాప్‌కు కలిపి చూడలేదు. ఇంటికి తెచ్చాక చూస్తే 3, 7 ఫేడర్లు కదలడం లేదు. బిల్లు అడిగితే పోయిందన్నారు. ‘వాడిన వస్తువుకి వాపసు ఉండదు’ అంటున్నారు. డబ్బు యూపీఐలో పంపాను. ఐదు రోజులైంది. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలా, పోలీసు కేసు పెట్టాలా?

సమాధానం: మీ కేసు మొత్తం ఆ ప్రకటనలోని ఒక్క వాక్యం మీద నిలబడి ఉంది. కాబట్టి ఈ జవాబు చదవడం ఆపి, ముందు ఆ ప్రకటనను తేదీ, ధర, అమ్మినాయన ప్రొఫైల్ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి. అమ్ముడైపోయిన వస్తువు ప్రకటన ఎప్పుడైనా మాయం కావచ్చు.

ఇప్పుడు వినియోగదారుల కమిషన్ సంగతి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వ్యాపారులను ఉద్దేశించింది. ఇంట్లో మూలపడి ఉన్న ఒక పరికరాన్ని ఒక్కసారి అమ్ముకున్న మనిషిని వ్యాపారి అనడం కష్టం. అయితే ఆయన ప్రొఫైల్‌లో ఇంకా నాలుగైదు ఇంటర్‌ఫేస్‌లు, మైకులు, కీబోర్డులు అమ్మకానికి ఉన్నాయా చూడండి. ఉంటే కథ మారుతుంది. వాటి స్క్రీన్‌షాట్లూ దాచుకోండి. అప్పుడు ఆయన వ్యాపారే అని వాదించి జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేయవచ్చు. మీరు దీంతో సంపాదించుకుంటున్నారు కదా, ‘వాణిజ్య అవసరం’ అని కొట్టేస్తారేమో అన్న భయం అక్కర్లేదు. స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసం తానే వాడుకునే వస్తువును చట్టంలోని 2(7) వివరణ ‘వాణిజ్య అవసరం’ కిందికి రానివ్వదు. మీరు ఉండే జిల్లాలోనే వేయవచ్చు. 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. గడువు రెండేళ్లు.

ఆయన నిజంగా మామూలు వ్యక్తే అయితే మీకు దిక్కు 1930 నాటి సరుకుల విక్రయ చట్టం, 1872 నాటి కాంట్రాక్టు చట్టం. ఇక్కడ చాలామంది పొరపడతారు. వ్యాపారి కాని వ్యక్తి అమ్మితే సరుకు బాగుండాలన్న పూచీ దానంతటదే రాదు. విక్రయ చట్టం సెక్షన్ 16 మొదటి మాటే అది. కొనేవాడే చూసుకోవాలి. కానీ అమ్మేవాడు తన నోటితోనో చేతిరాతతోనో ఇచ్చిన మాట వేరు. ‘అన్నీ పర్ఫెక్ట్‌గా పనిచేస్తున్నాయి’ అన్నది స్పష్టంగా ఇచ్చిన హామీ. అది తప్పితే అదే చట్టం సెక్షన్ 59 కింద మీకు నష్టపరిహారం రావాలి. వాపసు లేదన్న మాట డబ్బు తీసుకున్నాక పుట్టింది కాబట్టి ఒప్పందంలో భాగం కాదు. ముందే అని ఉన్నా, తాను రాసిచ్చిన హామీని ఆ మాట చాటున దాచుకోవడం ఆయనకు తేలిక కాదు.

ఆయన వకీలు ఏమంటారో ఇప్పుడే చెబుతాను. ‘ల్యాప్‌టాప్ పెట్టుకుని చూసుకునే అవకాశం ఉంది, చూసుకోలేదు’ అంటారు. అందులో కొంత బలం ఉంది. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 19 మినహాయింపు ప్రకారం, మామూలు జాగ్రత్తతో నిజం తెలుసుకోగలిగిన వాడు తప్పుడు సమాచారం పేరుతో ఒప్పందాన్ని రద్దు చేసుకోలేడు. కానీ అబద్ధమని తెలిసే చెప్పి ఉంటే ఈ మినహాయింపు ఆయన్ని కాపాడదు. తెలుసనడానికి ఆధారం కావాలి: పాత చాట్, సర్వీస్ రశీదు, అదే పరికరానికి అంతకుముందు పెట్టిన ఇంకో ప్రకటన. అవి దొరక్కపోతే రద్దు మీదే పట్టుబట్టకండి. హామీ తప్పినందుకు రిపేరు ఖర్చు ఇప్పించమనే కోరికను నోటీసులో ప్రత్యామ్నాయంగా తప్పకుండా పెట్టండి. దానికి సెక్షన్ 19 అడ్డురాదు.

నోటీసు కంటే ముందు లోపం నిజంగా పరికరానిదేనని తేల్చుకోవాలి. ఈ మెట్టు దాటేసి దావా వేసినవాళ్లు మొదటి వాయిదాలోనే ఇబ్బంది పడతారు. మిగతా ఏడు ఫేడర్లు కదులుతున్నాయంటే అడాప్టరు, యూఎస్‌బీ కేబుల్ బాగున్నట్టే. సాఫ్ట్‌వేర్‌లో ఫేడర్ల బ్యాంకు (ఒకసారి ఫేడర్ల మీదికి వచ్చే ట్రాకుల గుంపు) మార్చి 3వ ఫేడర్ మీదికి వేరే ట్రాకు తెచ్చి చూడండి. అప్పుడూ కదలకపోతే మీ ప్రాజెక్టు తప్పు కాదు. పరికరాన్ని మ్యాకీ కంట్రోల్ పద్ధతిలో (ఇలాంటి పరికరాలు సాఫ్ట్‌వేర్‌తో మాట్లాడే ఒక పద్ధతి) పెట్టి, కంప్యూటర్‌లో ఏదైనా ఉచిత మిడి మానిటర్ (పరికరం పంపే సంకేతాలను చూపే సాఫ్ట్‌వేర్) తెరిచి 3వ ఫేడర్‌ను చేత్తో జరపండి. మిడి ఛానల్ 3లో పిచ్ బెండ్ విలువలు (ఇక్కడ ఫేడర్ స్థానాన్ని చెప్పే అంకెలు) వరుసగా రావాలి. వస్తే కదలికను చదివే భాగం బాగుంది, మోటారో బెల్టో మోటారును నడిపే సర్క్యూటో పోయింది. రాకపోతే లోపలి రిబ్బన్ కేబుల్ ఊడిందో, ఫేడర్ జారే లోపలి పట్టీ అరిగిందో.

స్పర్శ సంగతీ చూడాలి. ఈ ఫేడర్లు వేలు తగిలితే గుర్తిస్తాయి. వేలు ఉన్నంతసేపూ మోటారు ఆగి ఉంటుంది. మూడో ఫేడర్‌ను తాకితే మిడి నోట్ 106 అనే సంకేతం, ఏడో దానికి 110 మానిటర్ తెర మీద కనిపించాలి, వేలు తీయగానే విడుదల కావాలి. వేలు తీసినా నోట్ అలాగే నిలిచిపోతే మోటారు బాగానే ఉండి స్పర్శ సర్క్యూట్ వల్ల ఆగిందన్నమాట. ఎర్తింగ్ లేని ప్లగ్గులోనూ స్పర్శ తిక్కతిక్కగా పనిచేయవచ్చు. అందుకే ఎర్త్ ఉన్న త్రీ పిన్ సాకెట్‌లో పెట్టి మళ్లీ చూడండి. అక్కడ సరిపోతే తప్పు మీ ఇంటి వైరింగుది, అమ్మినాయనది కాదు.

ఈ పరీక్షంతా మధ్యలో ఆపకుండా ఒకే వీడియోగా తీయండి. మొదట వెనుక సీరియల్ నంబరు స్టిక్కర్, తర్వాత కేబుల్ కలపడం, తర్వాత ఒకే ఫ్రేములో ఫేడరూ తెరా. స్క్రూలు మాత్రం విప్పకండి. విప్పిన మరుక్షణం ‘మీరే పాడుచేశారు’ అనే వాదన ఆయన చేతికి ఇచ్చినట్టు. మెకానిక్ అంచనా కావాలంటే, ఫలానా రోజు ఫలానా చోట విప్పిస్తున్నాం, మీరూ రండి అని ముందు రాతపూర్వకంగా తెలిపి విప్పించండి.

సందేశం ఈ రోజే పంపాలి. వస్తువు ఉంచుకుని, తిరస్కరిస్తున్నట్టు చెప్పకుండా తగినంత సమయం గడిపితే మీరు దాన్ని అంగీకరించినట్టేనని విక్రయ చట్టం సెక్షన్ 42 చెబుతుంది. ఆ తర్వాత వెనక్కి ఇచ్చే హక్కు పోయి పరిహారం ఒక్కటే మిగులుతుంది. పనుల్లో వాడుకుంటూ ఉండటం ఇంకా ప్రమాదం, పక్కన పెట్టేయండి. ఇలా రాయండి: ‘అన్నీ పర్ఫెక్ట్‌గా పనిచేస్తున్నాయని ప్రకటనలో రాశారు. తెచ్చి చూస్తే 3, 7 ఫేడర్లు పనిచేయడం లేదు. వస్తువును నేను అంగీకరించడం లేదు. విప్పలేదు, వాడటం లేదు. మీరు ఎప్పుడైనా వచ్చి చూసుకోవచ్చు. ఏడు రోజుల్లో వస్తువు తీసుకెళ్లి 34,000 వాపసు ఇవ్వండి, లేదా రిపేరు ఖర్చు భరించండి.’ తిరస్కరించే హక్కు ఉన్నప్పుడు మీ ఖర్చుతో కొరియర్ చేయాల్సిన పనిలేదు, తిరస్కరించానని తెలిపితే చాలని సెక్షన్ 43 ఉంది.

జవాబు రాకపోతే స్పీడ్ పోస్టులో 15 రోజుల గడువుతో నోటీసు. ఆ తర్వాత నేరుగా కోర్టుకు వెళ్లమని 34,000 రూపాయల వ్యవహారంలో నేను చెప్పను. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ప్రీ-లిటిగేషన్ (దావాకు ముందే రాజీ కోరే) దరఖాస్తు ఇవ్వండి. రుసుము లేదు. అవతలి పక్షాన్ని పిలిపిస్తారు. రాజీ కుదిరితే లోక్ అదాలత్ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు ఉండదు. ఇంటికి కోర్టు కాగితం వచ్చాక సగం మంది అమ్మకందారుల స్వరం మారుతుందని నా నమ్మకం. రాజీ కుదరకపోతే సివిల్ దావాకు మూడేళ్ల వ్యవధి ఉంది. స్క్రీన్‌షాట్లు, వీడియో రుజువుగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ధ్రువపత్రం కావాలి. అది మీరు ఇచ్చే భాగం, నిపుణుడు ఇచ్చే భాగం అని రెండుగా ఉంటుంది. అందుకే ఈలోగా ఫోన్ మార్చకండి, చాట్ డిలీట్ చేయకండి.

పోలీసు స్టేషన్ విషయం క్లుప్తంగా: భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద మోసం అనాలంటే అమ్మేనాటికే మోసగించే ఉద్దేశం ఉండాలి. రెండు ఫేడర్ల లోపానికి ‘సివిల్ వ్యవహారం’ అనే మాటే ఎక్కువగా వినిపిస్తుంది. 1930 నంబరు సైబర్ హెల్ప్‌లైన్ డబ్బు తీసుకుని వస్తువే ఇవ్వని కేసులకు పనికొస్తుంది, మీకు కాదు.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఫేడర్లు కాదు, బిల్లు లేకపోవడం. సీరియల్ నంబరు స్టిక్కర్ గీకేసి ఉందా? ఉంటే వెంటనే ఒక వకీలును కలవండి. దొంగసొత్తుకు యాజమాన్యం ఎన్ని చేతులు మారినా రాదు. అసలు యజమాని వస్తే పరికరం పోలీసులు స్వాధీనం చేసుకుంటారు. దొంగదని నమ్మడానికి కారణం కనిపిస్తున్నా తీసుకుంటే న్యాయ సంహిత సెక్షన్ 317 మీ మీదికే వస్తుంది. అయితే తనదే అమ్ముతున్నానన్న పూచీ మాత్రం ఎవరు అమ్మినా వస్తుంది. వ్యాపారా, వ్యక్తా అన్న తేడా విక్రయ చట్టం సెక్షన్ 14లో లేదు. అప్పుడు ఆయన నుంచి మొత్తం ధర రాబట్టవచ్చు.

ఇలాంటిదే కొనబోతున్నవాళ్లకు ఒక మాట. పాత సామాను అమ్మే షాపులో కొంటే, లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకుని డబ్బివ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి అవుతుంది. ధర కాస్త ఎక్కువైనా ఆ రక్షణకు విలువ ఉంది. వ్యక్తి దగ్గరైతే ల్యాప్‌టాప్ తీసుకెళ్లి తొమ్మిది ఫేడర్లూ ఆటోమేషన్‌తో (సాఫ్ట్‌వేరే ఫేడర్లను కదిలించేలా) నడిపించి చూడండి. విదేశం నుంచి బంధువులు తెచ్చినదైతే అడాప్టరు మీద 120 వోల్టులే రాసి ఉందేమో చూడండి, అది మన 230కి పెడితే కాలిపోతుంది. ఆ తర్వాత తెల్లకాగితం మీద మోడల్, సీరియల్ నంబరు, ధర, ‘ఫేడర్లు, నాబ్‌లు, బటన్లు అన్నీ పనిచేస్తున్నాయి, ఇది నా సొంతం’ అని రాయించి, రూపాయి రెవెన్యూ స్టాంపు మీద సంతకం తీసుకుని, డబ్బు అప్పుడు పంపండి.