‘ఏదోగా ఉంది’ అన్నావు కదా

పాపా,

నీ మెసేజ్ చదివాను. మీ కుక్క బ్రూనోను చంద్రగిరి దగ్గర మామిడితోట వాళ్లకు ఇచ్చేశామని, అప్పట్నుంచి ‘ఏదోగా ఉంది పెద్దనాయనా’ అని రాశావు. మీ మామగారికి ఉబ్బసం, కుక్క బొచ్చు ఇంట్లో ఉండకూడదని డాక్టరు చెప్పాడు, చిత్తూరులో మీరుండేది రెండు గదుల ఇల్లు. ఇవ్వడం సరైనదా కాదా అని నువ్వు అడగలేదు, నేనూ ఆ జోలికి పోను. ఆ ‘ఏదోగా’ గురించే రాస్తాను.

పశువుల ఆస్పత్రిలో పనిచేసినన్నాళ్లూ పెంచిన కుక్కను ఇంకొకరికి అప్పజెప్పేవాళ్లను చాలామందిని చూశాను. బదిలీ అయినవాళ్లు, ఇంటి ఓనరుతో గొడవపడినవాళ్లు, పసిబిడ్డ పుట్టాక చేతకానివాళ్లు. అందరిదీ ఒకటే మాట, ‘గిల్టీగా ఉంది సార్’ అని. కూర్చోబెట్టి మాట్లాడిస్తే వేరే సంగతులు బయటపడేవి. ఒకాయనకు భార్య మీద కోపం. ఒకమ్మకు పొద్దున లేస్తే ఏం చెయ్యాలో తోచదు. ఒక ముసలాయనకైతే నిజానికి హాయిగా ఉంది, హాయిగా ఉన్నందుకు సిగ్గు. జ్వరంతో వచ్చిన ఆవుకు గొంతువాపో గాలికుంటో తేల్చుకోకుండా సూది వెయ్యం కదా, ఇదీ అంతే.

మన ఇళ్లల్లో ఈ తేల్చుకోవడం అలవాటు లేదులే. మీ తాత ఎద్దును అమ్మి సంత నుంచి వచ్చిన రాత్రి అన్నం ముట్టేవాడు కాదు. అడిగితే ‘కడుపు బాలేదు’ అనేవాడు. ఆ తరం మగవాళ్లకు దిగులన్నా కడుపే, కోపమన్నా కడుపే.

భయం, కోపం నిండిన ముఖాల ఫొటోలు చూపించి ఆ భావానికి పేరు చెప్పమంటే, మెదడులో భయానికి స్పందించే అమిగ్డలా అనే భాగం నెమ్మదిస్తోందని 2007లో లాస్ ఏంజలిస్ పరిశోధకులు చూపించారు. మంచిదే. నాకు మాత్రం పేరు వల్ల ఇంకో లాభం కనిపిస్తుంది. ఏ పేరుకు ఏ పని చెయ్యాలో తెలుస్తుంది.

సాయంత్రం ఆరింటికి తలుపు వెనక వేలాడే గొలుసు కనబడి గుండె జారిందనుకో, అది దిగులు. దానికి మందు లేదు, ఏడుపొస్తే ఏడువు. ఆ వేళకు మాత్రం ఇంట్లో కూర్చోవద్దు, ఒక్కదానివే అయినా కాస్త నడిచి రా.

రాత్రి పడుకున్నాక ‘తిన్నాడో లేదో, కట్టేసి ఉంచారేమో’ అనిపిస్తే అది భయం. దానికి జవాబు ఫోన్‌లో దొరుకుతుంది. తిండి, విరేచనం ఎలా ఉన్నాయి, రాత్రి ఎక్కడ పడుకుంటున్నాడు, పిడుదులకు మందు వేయించారా అని అడుగు. తోటలో ఆ బెడద ఎక్కువ. కొత్తచోట మొదట్లో కుక్క తిండి తగ్గించడం, మూల వెతుక్కుని పడుకోవడం మామూలే. అసలు ముట్టకపోయినా, వాంతులు చేసుకుంటున్నా ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకు చూపించమను.

వాళ్లు పంపిన వీడియోలో బ్రూనో ఆ ఇంటి పిల్లాడి మీదికెక్కి తోక ఊపుతుంటే నీకు సంతోషం రాలేదన్నావు. అది అసూయ. సిగ్గుపడకు, నువ్వు పాలు పట్టి పెంచినవాడు. కానీ దీనికి చెయ్యాల్సింది భయానికి చేసేదానికి సరిగ్గా వ్యతిరేకం. వీడియోలు అడగడం తగ్గించు, కొన్నాళ్లు అటు పోకు. నువ్వెళ్తే నీ వెంట వస్తానని గేటు దగ్గర గోల చేస్తాడు. నీకు లోపల తృప్తిగానే ఉంటుంది, వాడు మాత్రం మళ్లీ మొదటి నుంచి అలవాటు పడాలి.

మామగారు దగ్గినప్పుడల్లా పళ్లు బిగుసుకుంటున్నాయా? అడుగుతున్నానని ఏమీ అనుకోకు. కోపం ఉంటే ఉందని నీకు నువ్వు చెప్పుకో. గిల్ట్ అని పేరు పెడితే అదంతా నీ మీదే వేసుకుంటావు. ఆయనకు చెప్పి ఆ పెద్దమనిషిని బాధపెట్టొద్దు. మీ ఆయనతో మాట్లాడు. తోట దాకా నువ్వొక్కదానివే తీసుకెళ్లి దింపొచ్చావట కదా, అతను రాలేదని నీకు కష్టంగా ఉంటే ఆ మాట ముఖం మీదే అను.

ఇక ఎవరితోనూ అనలేనిది ఒకటుంటుంది. ఇల్లంతా బొచ్చు ఊడ్చే పని తప్పింది, మామగారు రాత్రి నిద్రపోతున్నారు, అమ్మయ్య అనిపించింది. అది ఊరట. దాంతో చెయ్యాల్సింది ఏమీ లేదు. ఊరట ఉంది కాబట్టి దిగులు దొంగదని అనుకోకు, రెండూ ఒకే మనిషిలో ఉంటాయి.

మనిషి పోతే పలకరించడానికి జనం వస్తారు. నీ కుక్క బతికే ఉంది, పైగా తోటలో ఉంది, కాబట్టి నిన్ను పలకరించేవాళ్లు ఉండరు. ఇలా లోకం లెక్కలోకి రాని దుఃఖం మీద అమెరికాలో కెన్నెత్ డోకా అనే ఆయన 1989లోనే పుస్తకం తెచ్చాడు. మన బంధువులు అది చదవరు. ఒకరు ధర్మరాజు కుక్కను వదిలి స్వర్గానికి కూడా పోనన్నాడని దెప్పుతారు. ఇంకొకరు జింకపిల్ల మీద మమకారంతో భరతుడు జింకై పుట్టాడని వేదాంతం చెప్తారు. ఇద్దరూ ఒకే పెళ్లిలో ఒకే బంతిలో కూర్చుని ఉంటారు. విని భోజనం చేసి రా.

నిద్ర పట్టక, పనిలో మనసు నిలవక వారాలు గడుస్తుంటే ఊరుకోవద్దు. మనసు బాగోనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలీ మానస్ ఉంది, నంబరు 14416. ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

చివరగా అసలు గిల్ట్ సంగతి. చెయ్యగలిగి కూడా చెయ్యనిది ఏదైనా ఉందా అని ఒక కాగితం మీద రాసి చూసుకో. నాకు తెలిసి ఒక్కటే ఉంది. టీకాల కార్డు ఇంకా మీ బీరువాలోనే ఉందట. రేబిస్ టీకా ఏడాదికోసారి వెయ్యాలి, ఎప్పుడు వేయించాలో వాళ్లకెలా తెలుస్తుంది? రేపే కొరియర్ చెయ్యి, ఈలోగా ఫొటో తీసి వాట్సాప్‌లో పంపు.

మీ పెద్దనాయన,
తిరుపతి