పుట్టిల్లు కడప, మెట్టినిల్లు తెనాలి: మధ్యలో నలుగుతున్న పిల్లాడు

ప్రశ్న: మాది కడప. మా ఆయనది తెనాలి, ఇక్కడే లెక్చరర్. ఏటా వేసవికి తెనాలి వెళ్తాం. నన్ను చూడగానే మా బావగారు "బ్యాగులో బాంబులేమైనా తెచ్చావా అమ్మా" అంటారు. అందరూ నవ్వుతారు, మా ఆయనతో సహా. పోయిన వేసవిలో అక్కడి పిల్లలు తొమ్మిదేళ్ల మా బాబును "ఫ్యాక్షనోడు" అని ఏడిపించారు. అప్పట్నుంచి ఊరేదని ఎవరడిగినా తెనాలి అంటున్నాడు. నా యాసను దిద్దుతున్నాడు. ఇక్కడేమో మా నాయన "కోస్తావాళ్లకు మాట తీపి, లెక్క గట్టి" అని మా ఆయనకు వినపడేలా అంటాడు. ఈసారి తెనాలి మానేద్దామనుకుంటున్నా. సరైనదేనా?

జవాబు: మానకండమ్మా. మానేస్తే, రెండు ఊళ్లలో ఒకటి వదులుకోక తప్పదని వాడికి అర్థమవుతుంది. ఇప్పటికే కడపను వదులుకునే పనిలో ఉన్నాడు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది మీ ఆయన నవ్వు. బావగారు ఏడాదికోసారి కనిపించే మనిషి. ఇక్కడే తిని, ఇక్కడే జీతం తీసుకునే నాన్న ఆ మాటకు నవ్వాడంటే, అది నిజమే కాబోలని పిల్లాడు అనుకుంటాడు. యాస దిద్దుతున్నాడంటే మీరంటే చులకనై కాదు, భయంతో. వాణ్ని కోప్పడకండి. మీ యాసా మార్చుకోకండి.

మీ ఆయనతో ఇప్పుడే, ఎవరూ లేనప్పుడు మాట్లాడండి. "మీవాళ్లు ఇట్లాంటోళ్లు" అని మొదలుపెడితే ఆయన తనవాళ్లను వెనకేసుకొస్తారు. పిల్లాడు ఏమంటున్నాడో అది మాత్రం చెప్పండి. ఈసారి ఆ మాట వస్తే "అన్నయ్యా, పిల్లాడి ముందు వద్దు" అని ఆయనే అనాలి. మీరంటే కోడలు తగువు పెట్టుకుందంటారు. "సరదాకే కదా" అని ఆయన తేలిగ్గా తీసుకుంటే, ఆ సరదాకు మన పిల్లాడు నవ్వాడా అని అడగండి.

ఫ్యాక్షన్ అంతా సినిమావాళ్ల కల్పన అని మాత్రం వాడికి చెప్పొద్దు. కొన్ని ఊళ్లలో జరిగింది. పెద్దయ్యాక తెలిస్తే అమ్మ అబద్ధం చెప్పిందనుకుంటాడు. ఆ పగల్లో మొగుళ్లనూ కొడుకులనూ పోగొట్టుకున్నదీ సీమ ఆడవాళ్లేనని, పొద్దున్నే చేనికీ బడికీ అంగడికీ పోయే లక్షలమందికి వాటితో సంబంధం లేదని చెప్పండి. తెనాలి రామకృష్ణుడి కథలు వాడు వినే ఉంటాడు. అవే కథల్లోని పెద్దనకు రాయలు ఇచ్చిన కోకటం అగ్రహారం మన కడప జిల్లాలోదే. ఉగాది నాడు దేవుని కడపకు తీసుకెళ్లండి. బీబీ నాంచారమ్మను తమ ఆడపడుచుగా, వేంకటేశ్వరుణ్ణి అల్లుడిగా తలచి ముస్లింలు గుడికొచ్చి కొబ్బరికాయలు కొట్టడం కళ్లారా చూడనివ్వండి. తెనాలి పిల్లలు మళ్లీ ఏమన్నా అంటే, మా ఊరు ఇదీ అని చెప్పుకోడానికి వాడి దగ్గర ఏదో ఒకటి ఉండాలి.

ఇక మీ నాయన. సీమ పెద్దల బాధ ఊరికే రాలేదు. 1937లో కోస్తా, సీమ నాయకులు కలిసి చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడికలో సాగునీటికి సీమకు ముందు ప్రాధాన్యం అని రాసుకున్నారు. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయింది, 1956లో అది హైదరాబాదుకు పోయింది. నీళ్ల మాట ఇంకా నలుగుతూనే ఉంది. ఆ కోపంలో న్యాయముంది. దాన్ని భోజనానికి కూర్చున్న అల్లుడి మీద చూపడంలో లేదు. ఆ సంతకాలు ఆయన చేసినవి కావు.

తెనాలిలో మీకు జరిగిందే కడపలో మీ ఆయనకు జరుగుతోంది. పిల్లాడు రెండూ వింటున్నాడు. ఇక్కడ పడ్డ మాటలకు బదులుగానే మీ ఆయన అక్కడ నవ్వుతున్నారేమోనని నా అనుమానం, అడిగి చూడండి. మీరు ఆయన తరఫున ఇన్నాళ్లూ ఒక్క మాటైనా అన్నారా అన్నది మీ ఉత్తరంలో లేదు. ఇంకా అనకపోతే ముందు ఆ పని చేయండి. నాయనతో మీరే మాట్లాడండి, అల్లుడి చేత చెప్పించొద్దు. అదయ్యాక, తెనాలిలో మీ తరఫున నోరు తెరవమని మీ ఆయనను గట్టిగా అడగండి.