ఒహాయో గడ్డి కోనసీమలో బతుకుద్దా?

ప్రశ్న: ఒహాయోలో మా అమ్మాయి వాళ్ళింటి ముందు లాన్ భలే ఉందండి, ఆకు చివర పడవ ముక్కులా ఉంది. ఇదేం గడ్డి? విత్తనాలు తెచ్చి మా పెరట్లో చల్లుకోవచ్చా?
– ఓ పాఠకురాలు, అమలాపురం

జవాబు: ఆ పడవ ముక్కే అసలు గుర్తండి, కెంటకీ బ్లూగ్రాస్ అయ్యుంటది. ఆకుని వెలుతురుకి పెట్టి చూడండి, మధ్యలో జంటగా రెండు లేత గీతలు కనపడితే బ్లూగ్రాస్ జాతే, అదే ఆకు అడుగున నిగనిగా మెరుస్తుంటే మాత్రం రైగ్రాస్ అనుకోవచ్చు. మీ అమ్మాయి వాళ్ళ లాన్‌ని రెండున్నర మూడంగుళాల కంటే కురచగా కొయ్యనివ్వకండి, ఒక్కసారే మూడో వంతుకి మించి అసలు కత్తిరించకూడదు, ఎరువు ముఖ్యంగా సెప్టెంబరులో వెయ్యాలి. ఎండలకి గోధుమరంగుకి తిరిగితే చచ్చిపోయిందని పీకేస్తారేమో, వద్దు, చల్లబడ్డాక మళ్ళీ చిగురిస్తది.

విత్తనాలు మాత్రం తేవద్దండి. అది 15 నుంచి 24 డిగ్రీల్లో హాయిగా పెరిగే గడ్డి, మన మే నెల ఎండకీ ఉక్కకీ తట్టుకోలేదు, పైగా అనుమతి లేకుండా విత్తనాలు తేవడం రూల్సుకి విరుద్ధం. కడియం నర్సరీల్లో అడగండి, ఎండ బాగా తగిలే చోటైతే బెర్ముడా, అంటే మన గరిక జాతే, కొబ్బరి చెట్ల నీడ ఉంటే బఫెలో గడ్డి. మన నేల నీళ్ళు పట్టేస్తది కాబట్టి ఇసుక కలిపి కాస్త మెరక చేసుకునే నాటండి.