పెద్దవాళ్లలో ఏడీహెచ్‌డీ: ఫ్యామిలీ డాక్టర్ కాదన్నాక ఏం చేయాలి

ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం లాంటి సమస్య) ఉందేమోనని వెళ్తే "అది పిల్లల జబ్బు, టెన్షన్ తగ్గించుకోండి" అని మీ ఫ్యామిలీ డాక్టర్ పంపేశారన్నారు, చదివి చాలా బాధేసిందండీ, ఏడీహెచ్‌డీ పెద్దవాళ్లలోనూ ఉంటుంది. అయినా ఆయన్ని వదిలేయకండి. థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీపీ, నిద్ర సంగతి ఆయన దగ్గరే చూపించుకుని, సైకియాట్రిస్ట్‌కి రిఫరల్ లెటర్ రాయమని గట్టిగా అడగండి. ప్రైవేటు ఖర్చు భారమైతే హైదరాబాద్ ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, ఆ పేరు వినగానే ఇంట్లోవాళ్లు కంగారుపడతారు గానీ మీరు వెనక్కి తగ్గొద్దు.

అన్నిటికన్నా ముఖ్యం చిన్నప్పటి ఆధారాలు. ఏడీహెచ్‌డీ అని నిర్ధారించాలంటే లక్షణాలు 12 ఏళ్లలోపే కొన్నైనా కనిపించి ఉండాలి కాబట్టి, పాత ప్రోగ్రెస్ కార్డులు, "తెలివైనవాడే కానీ ధ్యాస లేదు" లాంటి టీచర్ రిమార్కులు ఏమున్నా తీసుకెళ్లండి, వీలైతే అమ్మగారిని కూడా. పెద్దవాళ్లలో ఏడీహెచ్‌డీ లక్షణాల గురించి అడిగే డబ్ల్యూహెచ్‌వో ఏఎస్ఆర్ఎస్ ప్రశ్నావళిలో 18 ప్రశ్నలుంటాయి, నింపి పట్టుకెళ్తే మాట మొదలవుతుంది, అదొక్కటే నిర్ధారణ కాదు.

ఏడీహెచ్‌డీకి వాడే మిథైల్‌ఫెనిడేట్ ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల నియంత్రణ) చట్టం కిందికొచ్చే మందు, ప్రతి మెడికల్ షాపులో ఉండదు, చీటీ రాసేటప్పుడే ఎక్కడ దొరుకుతుందో అడగండి. అది పడకపోతే అటమాక్సెటిన్ ఉంది, పూర్తిగా పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, డాక్టర్‌ని అడక్కుండా మధ్యలో ఆపేయకండి. మందు వాడుతున్నప్పుడు బీపీ, పల్స్ మాత్రం మీ ఫ్యామిలీ డాక్టర్ దగ్గరే చూపించుకోవచ్చు.