పీహెచ్‌సీ 6 కిలోమీటర్లే, అయినా బీపీ, షుగరు ఉన్నవాళ్లు ఎందుకు వెళ్లరు?

ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) దగ్గరే, మందులు ఉచితం, అయినా జనం ఊళ్లో డిగ్రీ లేకుండా వైద్యం చేసే ఆర్‌ఎంపీని ఎందుకు వదలరని అడిగారు. మైదాన ప్రాంతంలో దూరం కంటే టైమే పెద్ద అడ్డం.

ఓపీ 9కి మొదలవుతుంది. మిరప కోతల ఆటో 6కే ఊరు దాటిపోతుంది. పీహెచ్‌సీకి వెళ్తే ఆ రోజు కూలి పోయినట్టే, పైన ఆటో చార్జీ. ఆర్‌ఎంపీ రాత్రి ఇంటికొచ్చి సూది వేస్తాడు, డబ్బులు కోతలయ్యాక ఇచ్చినా ఊరుకుంటాడు. కూలీ లెక్కలో ఉచిత మందు కంటే ఇదే చవక. కాకపోతే మోకాళ్ల నొప్పులకని వేసే సూదిలో డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ ఉంటే షుగరు పెరుగుతుంది. ఏం వేస్తున్నాడో పేరు అడగండి.

షుగరు పరీక్షది ఇంకో తంటా. పరగడుపున రమ్మంటారు. మందు వేసుకునే ముసలాళ్లు పదిన్నర దాకా ఖాళీ కడుపుతో కూర్చుంటే కళ్లు తిరుగుతాయి, అందుకని తినేసి వస్తారు, పరీక్ష జరగదు, పాత డోసే కొనసాగుతుంది. తిన్న రెండు గంటలకు తీసిన రీడింగు కూడా డాక్టరుకు పనికొస్తుంది. ఎప్పుడు తిన్నారో చెప్పి చేయించుకోండి.

మందుల దగ్గర అసలు బెడద కంపెనీ మారడం. పోయిన నెల గులాబీ బిళ్ల, ఈ నెల తెల్లది. మందు మార్చేశారని కొందరు మానేస్తారు. ఇంకొందరు పాతదీ కొత్తదీ రెండూ వేసుకుంటారు, అది మరీ ప్రమాదం. ఖాళీ స్ట్రిప్ పారేయకుండా తీసుకెళ్లి, మెట్‌ఫార్మిన్ 500, ఆమ్లోడిపిన్ 5 అని పేరు, ఎంజీ రెండూ ఫార్మసిస్టు చేత సరిచూపించుకోవాలి. స్టాకు తక్కువైతే పది రోజులకే ఇస్తారు, అంటే నెలలో మూడు రోజుల కూలి గోవిందా. నెలకు సరిపడా అడగండి.

ఊరూరా తిరిగి చూసి మందులిచ్చే 104 బండి ఊళ్లోకి వచ్చే తేదీ ఊరి నర్సు ఏఎన్‌ఎంకో ఆశా కార్యకర్తకో తెలుస్తుంది. ముందురోజే కనుక్కుని ఆ ఒక్క పూట పని మానుకుంటే పీహెచ్‌సీ ప్రయాణం తప్పుతుంది.

పాడేరు లాంటి ఏజెన్సీ మండలాల లెక్క వేరు. రోడ్డు లేని గూడేల నుంచి డోలీ మీద మోయాలి, అక్కడ దూరమే సమస్య.

ఇక మందు లేదన్నప్పుడు నోటిమాటతో వెనక్కి రావద్దు, ఓపీ చీటీ మీదే ‘స్టాకు లేదు’ అని తేదీతో రాయించుకోండి. మెడికల్ ఆఫీసరుకు చూపించి, మందు తెప్పించమని ఇండెంటు పెట్టమనడానికి అదే ఆధారం.