జీఆర్‌ఈకి పదాల జాబితా బట్టీ పట్టాలా?

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. విదేశాల్లో పీజీ ప్రవేశానికి రాసే జీఆర్‌ఈ కోసం రోజుకు ముప్పై కఠినమైన ఇంగ్లిష్ పదాలు బట్టీ పడుతున్నాను. వారం తిరిగేసరికి సగం మర్చిపోతున్నాను. గుర్తున్నవి కూడా రాసేటప్పుడు తట్టడం లేదు. టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ ముప్పైని పదికి తగ్గించండి. మర్చిపోవడం మీ ఒక్కరి లోపమేమీ కాదు. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హాస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని, నేర్చుకున్నదాంట్లో ఎక్కువ భాగం తొలి రోజుల్లోనే జారిపోతుందని 1885లోనే రాశాడు. కాబట్టి ఇవాళ నేర్చుకున్న పదాన్ని రేపు, నాలుగు రోజులకు, మళ్లీ రెండు వారాలకు పలకరించండి. అర్థం చూసి చదవడం కాదు, అర్థం మూసేసి గుర్తుతెచ్చుకోవాలి.

ఇక అసలు చిక్కు జాబితాతోనే. వ్యతిరేకపదాలు, అనాలజీలు (పదాల జంటల మధ్య సంబంధం పోల్చే ప్రశ్నలు) 2011లోనే జీఆర్‌ఈ నుంచి పోయాయి. అయినా చాలామంది ఇంకా ఆ పాత పరీక్షకే చదువుతున్నారు! ఇప్పుడు వాక్యంలో ఖాళీలు పూరించాలి, పాసేజ్‌లు అర్థం చేసుకోవాలి. సెంటెన్స్ ఈక్వివలెన్స్ అనే ప్రశ్నల్లో ఆరు ఆప్షన్ల నుంచి వాక్యానికి ఒకే అర్థం తెచ్చే రెండింటిని ఎంచుకోవాలి. ఒకటి తప్పినా మార్కు రాదు.

ఇక్కడ బోల్తా కొట్టించేవి తరచూ తెలిసిన పదాలే. 'క్వాలిఫై' అంటే అర్హత సాధించడం అని అందరికీ తెలుసు. కానీ పాసేజ్‌లో రచయిత్రి తన వాదనను 'క్వాలిఫై' చేసిందంటే, 'కొన్ని సందర్భాల్లోనే' అంటూ దానికి హద్దులు పెట్టిందని. 'చెక్' అంటే అదుపు చేయడం కూడా. ఇలాంటి వాటికి నోట్‌బుక్‌లో విడిగా నాలుగు పేజీలు కేటాయించండి. కొత్త పదాలకంటే ఇవే ఎక్కువ పనికొస్తాయి.

రాసేటప్పుడు తట్టకపోవడానికి కారణం, పదానికి పక్కన అర్థం ఒక్కటే రాసుకోవడం. 'మిటిగేట్ అంటే తగ్గించడం' అని ఊరుకుంటే, బరువు తగ్గడానికి కూడా అదే వాడేస్తారు. అది రిస్క్, నష్టం, ప్రభావం లాంటి మాటలతో వస్తుంది. అందుకే పదాలు గుర్తుంచుకోవడానికి చిన్న కార్డులు చేసుకుని, ముందువైపు పదం కాకుండా, మీరు చదివిన వ్యాసంలోని వాక్యమే ఖాళీతో రాయండి. వెనక జవాబు, దాని కింద మీ సబ్జెక్టుకు సంబంధించిన సొంత వాక్యం ఒకటి. సైన్స్, ఆర్థికం, చరిత్ర మీద మంచి ఇంగ్లిష్ వ్యాసం రోజుకొకటి చదివితే కార్డులకు కరువుండదు. నిఘంటువు తెరిచేముందు అర్థం ఊహించండి.

అన్నట్టు, ఈ పదాలన్నీ యూనివర్సిటీకి దరఖాస్తుతో పంపే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ వ్యాసంలో గుప్పించకండి. అక్కడ మీరేం చేశారో సూటిగా చెబితే చాలు.

పరీక్ష మూడు వారాల్లోపు ఉంటే మాత్రం కొత్త పదాలు ఆపేయండి. జీఆర్‌ఈ నిర్వహించే ఈటీఎస్ సంస్థ ఉచితంగా ఇచ్చే పవర్‌ప్రెప్ నమూనా టెస్టులు రాసి, తప్పిన ప్రశ్నల్లో పదం తెలియక పోయినవేవో, వాక్యం అర్థంకాక పోయినవేవో వేరు చేయండి. రెండో రకం ఎక్కువుంటే కార్డులు పక్కనపెట్టి పాసేజ్‌ల మీద కూర్చోండి.